నెత్తురు చెప్పిన తప్పుడు సాక్ష్యం

సంతకం పెట్టను అన్నాను. పక్క కర్టెన్ వెనక దగ్గుతున్నవాళ్ళెవరో దగ్గడం ఆపేశారు, అంత గట్టిగా వచ్చింది నా గొంతు, ఎన్నాళ్ళుగానో మూలుగు తప్ప ఏమీ రాని గొంతు. డాక్టర్ మైత్రి ట్యాబ్లెట్ చాపుకుని అలాగే నిలబడింది. దాని మీద నేను వేలితో గీయాల్సిన ఖాళీ గీత, గీత కింద నా పేరు, పర్సిస్, అన్నీ సిద్ధంగా ఉన్నాయి, నేను తప్ప. ఈ పిల్లది న్యూజెర్సీ, పిస్కాటవేలో పుట్టి పెరిగిందట. మొదటి రోజే నా పేరూ మా ఆయన సామ్యూల్ మాటా విని “తెలుగా?” అంది, అప్పట్నుంచి అమెరికా యాసలో ముక్కలు ముక్కలుగా తెలుగు పలుకుతోంది. ఆ ముక్కలే ఆర్కెన్సా రాష్ట్రంలోని ఈ బెంటన్‌విల్ ఆసుపత్రిలో నాకు దొరికిన ఊతం.

“ఆంటీ, ప్లీజ్. ఇది చిన్న ప్రొసీజర్. అల్ట్రాసౌండ్‌లో చూస్తా సన్న ట్యూబ్ పెడతాం. పస్ బయటికి వచ్చేస్తుంది. యూ విల్ ఫీల్ బెటర్.”

“పోయినసారీ బెటరయ్యానమ్మా. మళ్ళీ ఎందుకొచ్చింది?”

“అమీబా మందు కొంచెం స్లో. లేకపోతే దాని మీద బ్యాక్టీరియా చేరింది ఏమో.”

“ఎక్కణ్ణుంచి చేరింది?”

మైత్రి అబద్ధం చెప్పదు, అదే నాకు నచ్చింది. “ఐ డోంట్ నో. గాల్‌బ్లాడర్ క్లీన్. పేగులు క్లీన్. పళ్ళు కూడా చూశారు. సోర్స్ దొరకలేదు.”

“దొరక్కుండానే గొట్టం పెట్టి పంపిస్తే మూడోసారి కూడా వస్తాను. చీము ఊరే చోటు వదిలేసి చీము తోడితే ఎలా?”

ఆమె గడియారం చూసుకుంది. “నాకు ముందు ఇంకో కేస్ ఉంది. వన్ అవర్. ఆలోచించండి ఆంటీ. ఏం తిన్నారు, ఏం జరిగింది, ఎనీథింగ్. కానీ వన్ అవర్ కంటే వెయిట్ చేయొద్దు. ఇది హార్ట్‌కి చాలా దగ్గర ఉంది. పైకి పగిలితే…” పగిలితే ఏమిటో ఆమెకు తెలుగులో రాలేదు. నాకు చెప్పాల్సిన అవసరమూ లేదు.

గంట. గంటలో నా కడుపులోకి ఏది ఎలా పోయిందో గుర్తు తెచ్చుకోవాలి, లేకపోతే తలవంచి వేలు పెట్టాలి. చలిజ్వరం మోకాళ్ళ దగ్గర మొదలై పైకి వస్తోంది, దుప్పటి వేడి చేసి కప్పారు, అయినా పళ్ళు ఒకదాన్నొకటి కొడుతున్నాయి, నాలుక అట్టముక్కలా ఉంది, పొద్దుటినుంచి నీళ్ళ చుక్క లేదు, ప్రొసీజర్ కదా. రొమ్ము ఎముక కింద, సరిగ్గా నాలుగు వేళ్ళు ఆనించే చోట, ఎవరో బొటనవేలితో నొక్కి పట్టినట్టు. ఊపిరి లోపలికి పీలిస్తే ఆ బొటనవేలు ఇంకాస్త లోపలికి. సరే నొక్కు. నేనూ చూస్తాను. వెతకడమే కదా, నా ఉద్యోగమే అది. ఈ ఊరిని పోషిస్తున్న ఆ పెద్ద రిటైల్ కంపెనీలో కాంట్రాక్టు మీద కూర్చుని, వాళ్ళు బాగుచేశాం అని పంపిన ప్రతి ప్రోగ్రామునీ మళ్ళీ విరగ్గొట్టి చూడడం. డెవలపర్లకు నేనంటే పడదు. తప్పు కనబడకుండా పోయినంత మాత్రాన పోయినట్టు కాదు, ఎందుకొచ్చిందో చెప్పండి, అప్పుడు ఆ తప్పు మీద తెరిచిన టికెట్ మూస్తాను అంటాను. నా కాలేయం మీద వీళ్ళు ఒక టికెట్ మూసేశారు. అది దానంతటది తెరుచుకుంది, జ్వరంతో, చీముతో, గుండె గోడకు ఆనుకుని. మళ్ళీ అదే మూత వేస్తామంటే ఎందుకు ఒప్పుకోవాలి నేను?

“పెట్టెయ్యవే పర్సీ,” అంది కుర్చీలోంచి విమలకుమారి ఆంటీ. మా తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద షాలేం రాజు గారు, ఆయన భార్య ఈవిడ. సామ్యూల్ మా అమ్మాయి ఎలీనాను స్కూల్ నుంచి తేవడానికి వెళ్తూ ఈవిణ్ణి నాకు కాపలా పెట్టాడు. ఒళ్ళో సంచి, సంచిలో డబ్బా, డబ్బాలో ఏదో ఒకటి, ఖాళీ చేతులతో ఈవిడ ఎక్కడికీ వెళ్ళదు. “డాక్టర్లతో తగువేంటి?”

“తగువు కాదాంటీ, ప్రశ్న.”

“నీ ప్రశ్నలన్నీ తగువుల్లాగే ఉంటాయమ్మా.”

ఉంటాయి. ఉండనీ. ఆగస్టులో మొదలైంది ఇదంతా, మీటింగ్ రూమ్‌లో, ఎవరో ఏసీ తగ్గించలేదేమో అనుకున్నాను, చేతిలో కాఫీ కప్పు టకటకలాడుతోంది, బాస్ నా వైపు చూసి ఏమిటి నెర్వస్‌గా ఉన్నావా అన్నాడు, నెర్వసా, నేనా. అర్జెంట్ కేర్‌కి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను, గ్యాస్ అన్నారు, మాత్రలిచ్చారు. సాయంత్రం కాగానే వణుకు, తెల్లారేసరికి చెమట. కిలోల లెక్కన తగ్గాను, చర్చిలో అందరూ ఎంత స్లిమ్మయ్యావు పర్సీ, ఏం డైటు అని అడిగారు, చెప్పమంటారా, చీము డైటు. తర్వాత స్కాన్. కాలేయంలో ఎడమవైపు ఏదో ఉంది, మాస్ అన్నారు. ఆ రోజు సామ్యూల్ పార్కింగ్‌లో కారు స్టార్ట్ చేయకుండా స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు, నేను రేడియో పెట్టాను, ఏదో ఒకటి మోగాలి కదా. మర్నాడు క్యాన్సర్ కాదన్నారు. ఆబ్సెస్. చీముగడ్డ. ఇంత లావు నిమ్మకాయంత, అని సామ్యూల్ వాళ్ళ అన్నయ్యకు ఫోన్‌లో సంతోషంగా చెబుతున్నాడు, చీముగడ్డకు సంతోషపడ్డ మొగుడు ప్రపంచంలో వాడొక్కడే అయ్యుంటాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాం. అక్కడే మొదలైంది ఆ ప్రశ్న.

ఇండియా ఎప్పుడు వెళ్ళొచ్చారు? నర్సు అడిగింది. స్కాన్ తీసేవాడు అడిగాడు. ఇన్ఫెక్షన్ల పెద్ద డాక్టర్ కుర్చీ లాక్కుని, కాలు మీద కాలు వేసుకోకుండా ఎంతో దయగా ముందుకు వంగి అడిగాడు. వెళ్ళలేదు అన్నాను. ఎనిమిదేళ్ళయింది వెళ్ళి. వీసా స్టాంపింగ్‌కి పోతే తిరిగి రానిస్తారో లేదో అని, గ్రీన్‌కార్డు క్యూలో మా వంతు వచ్చేసరికి ఎలీనాకు పెళ్ళవుతుందని అందరూ నవ్వుతుంటే నవ్వుతూ, చెల్లి పెళ్ళి కూడా ఫోన్‌లోనే చూశాను, సరిగ్గా ఉంగరాలు మార్చుకునేటప్పుడు నెట్ ఆగిపోయింది. ఈ దేశం దాటి అడుగు పెట్టలేదండీ అని చెప్పాను ఆ పెద్దాయనకు, మీ సర్కారు దగ్గర రుజువుంది కావాలంటే చూసుకోండి. ఆయన చిరునవ్వు నవ్వాడు. ఎవరైనా వచ్చారా అక్కణ్ణుంచి? తినేవేమైనా తెచ్చారా? అమీబా అనేది నీళ్ళతోనో తిండితోనో కడుపులో పడి, పేగుల్లో కాపురం పెట్టి, రక్తంలో కాలేయానికి ఎక్కి అక్కడ గడ్డ కడుతుందట, మీ ప్రాంతపు వాళ్ళలో చూస్తుంటామన్నాడు. మీ ప్రాంతపు వాళ్ళు. మా ప్రాంతం పాలకొల్లు, సార్, అది నా కాలేయంలో లేదు, అక్కడే కాలవ పక్కనే ఉంది, అక్కడ వెతకండి కావాలంటే.

అప్పుడు నా నెత్తురు నాకు ఎదురు తిరిగింది. అమీబా యాంటీబాడీల పరీక్ష చేశారు, ఉన్నాయని వచ్చింది. బ్యాక్టీరియా పెరుగుతుందేమో అని రక్తం సీసాల్లో పోసి చూశారు, ఏమీ పెరగలేదు. ఇంకేముంది, సాక్ష్యం దొరికింది, కేసు తేలిపోయింది. సెలైన్‌లో ఎక్కించిన పెద్ద యాంటీబయాటిక్ ఆపేసి, అమీబా మాత్రలు చేతిలో పెట్టి, దీనికి చాలాసార్లు గొట్టం కూడా అక్కర్లేదు, మాత్రకే కరిగిపోతుంది అని చెప్పి ఇంటికి పంపారు. నోట్లో ఇనప ముక్క చప్పరించినట్టుండేది ఆ మాత్ర. నాలుగు రోజులు బానే ఉన్నాను. తర్వాత తెలిసింది, ఆ నాలుగు రోజుల హాయి ఆపేసిన సెలైన్ మందుది, ఈ మాత్రది కాదు. ఇక సీసాల్లో ఏమీ ఎందుకు పెరగలేదంటే, మొదటిసారి ఆసుపత్రికి వచ్చే ముందు రోజుల్లోనే మా ఇంట్లో ఇండియా మందుల డబ్బా తీశాను, ప్రతి తెలుగింట్లోనూ ఉంటుంది ఆ బిస్కెట్ డబ్బా, ఎవరో వస్తూ తెచ్చిన యాంటీబయాటిక్, సగం వాడిన పట్టీ. వేసేసుకున్నాను. జ్వరానికి టైలినాల్ తప్ప ఏమీ వాడలేదని ఇక్కడ చెప్పాను, ఎందుకంటే ఆ డబ్బాలోది మాకు మందు కింద లెక్కే కాదు. ఈసారి వచ్చినప్పుడు చెప్పాను. పెద్దాయన తలూపాడు. కానీ యాంటీబాడీలు ఉన్నాయి కదా, అన్నాడు.

ఉన్నాయి. ఎందుకుండవు? భీమవరం ఇంజినీరింగ్ హాస్టల్లో సాంబారు తిన్నవాళ్ళెవరికి ఉండవు? రెండో సంవత్సరం, పరీక్షల ముందు, జిగట విరేచనాలు, బకెట్ పట్టుకుని బాత్రూమ్ ముందు క్యూ, నా రూమ్మేట్ మీనా గ్లూకోజు కలిపి ఇచ్చి నువ్వు చస్తే నీ నోట్సు నాకే రాసివ్వు అంది. అదే ఆ అమీబా. ఆ యాంటీబాడీలు ఏళ్ళ తరబడి ఒంట్లో ఉండిపోతాయట, మైత్రే చెప్పింది, పరీక్షకు పాతదో కొత్తదో తెలీదట. అంటే నా నెత్తురు అబద్ధమాడలేదు. ఇప్పటి సంగతి అడిగితే అప్పటి సంగతి చెప్పింది, ముసలామెను నిన్న ఏం జరిగిందని అడిగితే పెళ్ళినాటి ముచ్చట చెప్పినట్టు. నెత్తురు జ్ఞాపకం అంతవరకే. ఇక గుర్తు తెచ్చుకోవాల్సింది నేను. ఇంకో సంగతి కూడా అంది మైత్రి, నేను పట్టేసుకున్నాను: అమీబా గడ్డ ఎక్కువగా కుడివైపు వస్తుంది ఆంటీ, మీది ఎడమ, ఇట్స్ ఎ లిటిల్ అన్‌యూజువల్. ఎడమ. కాలేయానికి ఎడమ పక్కన ఏముంటుంది, ఎలీనా బయాలజీ పుస్తకంలో చూశాను, గులాబీ రంగు కాలేయం, దాని కింద సంచిలా పొట్ట. పొట్ట. పొట్టలోకి ఏం పోయింది? పచ్చి చేప తిన్నారా అని అడిగారు, లేదు. ఆల్చిప్పలు? లేదు. బయట నీళ్ళు? లేదు. సరిగ్గా వండనిది? ఆంటీ చేతి వంట తప్ప బయటి తిండి ఎరగను, అదీ ఆదివారాలు.

ఆదివారాలు. ఆ మాట తలుచుకుంటే జ్వరం కంటే ముందు కోపం వస్తుంది. సోమవారం ప్రార్థన కాల్‌లో షాలేం రాజు గారు నా కోసం ప్రార్థించారు, నేను మ్యూట్‌లో పెట్టుకుని విన్నాను, “ప్రభువా, సిస్టర్ పర్సిస్ తనను తాను తగ్గించుకునేలా చేయి” అన్నారు. కాలేయం బాగు చేయమని కాదు, నన్ను తగ్గించమని. ఎందుకో నాకు తెలుసు. మే నెల, మదర్స్ డే, అమెరికా వాళ్ళ చర్చి వెనక హాలు మాకు ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకిస్తారు, ఆరాధన అయ్యాక అందరం కలిసి తినే ప్రేమ విందూ అక్కడే, మడత బల్లలు, రేకు ట్రేలు. ఆ రోజు తల్లుల గురించి వాక్యం నన్ను చెప్పమని పాస్టర్ గారు అడిగారు, ఒప్పుకున్నాను, రాసుకున్నాను, చివరి నిమిషంలో షాలేం రాజు గారు పాట పాడమ్మా చాలు అన్నారు. పాడాను. దిగమింగుకున్నాను. భోజనాల దగ్గర ఎదురుగా వచ్చి కూర్చుని, చేపల పులుసు వడ్డించుకుంటూ, “స్త్రీ సాక్ష్యం చెప్పొచ్చు సిస్టర్, ప్రసంగం చెప్పకూడదు, అది క్రమం” అన్నారు. ఇక ఊరుకోలేదు నేను. నోట్లో అన్నం ఉండగానే మొదలుపెట్టాను. క్రమం ఎవరు పెట్టారు అంకుల్, అన్నాను. ఆదివారం తెల్లారకముందే, అన్నాను. బల్ల మీద అందరి చేతులూ ఆగిపోయాయి. సామ్యూల్ బల్ల కింద నా కాలు తొక్కాడు. అక్కడే ఆగిపోయింది నా మాట. ఆయన వెంటనే కళ్ళు మూసుకుని “ప్రార్థిద్దాం” అని మొదలుపెట్టేశారు, ఆయన ప్రార్థన మొదలుపెడితే అన్నం చల్లారాల్సిందే. నా మాట మధ్యలో కోసేశారు. అయిదు నెలలుగా ఆ మిగిలిన వాక్యం లోపలే తిరుగుతోంది, గిన్నెలు తోముతూ పూర్తి చేశాను, డ్రైవ్ చేస్తూ పూర్తి చేశాను, స్కాన్ మిషన్‌లో ఊపిరి బిగబట్టమన్నప్పుడు కూడా అదే. ఆయన కోశారు. ఆయనే…

ఆయనేనా?

కుర్చీ కిర్రుమంది. ఆంటీ సంచిలోంచి బీపీ మాత్ర తీసింది. మాత్ర ఒట్టి నీళ్ళతో ఈవిడకు దిగదు. అరటిపండు ముక్క తుంచింది, మాత్రను అందులో గుచ్చింది, నోట్లో వేసుకుని నమలకుండా తల వెనక్కి వాల్చింది, గొంతు మీద అరచేత్తో పైనుంచి కిందికి నిమిరింది. గుటక. ఆ చెయ్యి. ఆ నిమిరే చెయ్యి, ఉంగరం ఉన్న ఆ వేలు, నా గొంతు మీద. చల్లగా, పులుసు వాసనతో, నా గొంతు మీద ఈ చెయ్యే. హాలంతా కళ్ళు మూసుకుని ఉంది. షాలేం రాజు గారి గొంతు ఎక్కడో దూరంగా అబ్రాహాము దగ్గర మొదలుపెట్టింది. నేను మాట్లాడట్లేదు, ఆయన ఆపారని కాదు, మాట్లాడలేక. గొంతులో అడ్డంగా ఏదో, కళ్ళ వెంట నీళ్ళు. దగ్గితే ఆయన గెలిచినట్టని దగ్గకుండా బిగబట్టాను, నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను. ఈవిడ ఒక్కతే కళ్ళు తెరిచి చూసింది. ఒట్టి అన్నం, పిడికిట్లో గట్టిగా ఒత్తిన ముద్ద. నమలకు, మింగు. ఇంకోటి. మింగు. గొంతు నిమురుతూ. దిగిందా? దిగింది. ఆమెన్ అనేసరికి అందరూ కళ్ళు తెరిచారు, నేను మంచినీళ్ళు తాగుతున్నాను, పోట్లాటలో ఓడిపోయి కళ్ళనీళ్ళు పెట్టుకున్నానని అనుకున్నారు అందరూ. నేనూ అదే అనుకోవడం మొదలుపెట్టాను. పోట్లాట ఎంత బాగా గుర్తుందంటే ముల్లు మర్చిపోయాను. గోదావరి జిల్లా పిల్లకు చేపముల్లు గుచ్చుకోవడం ఒక సంగతా, ముద్ద మింగితే పోయేదానికి.

పోతుంది. ఎక్కడికి పోతుంది?

“ఆంటీ,” అన్నాను. “మదర్స్ డే నాడు మీరు నాకు అన్నం ముద్దలు మింగించారు.”

“ఎప్పుడే?”

“అంకుల్ ప్రార్థన చేస్తున్నప్పుడు. ముల్లు అడ్డం పడి.”

ఆంటీ అరటితొక్క మడుస్తూ ఆగింది. “నా పులుసులో ముల్లా? ముందురోజే వండి పెడతానే నేను. నర్సాపురం వాళ్ళ పులుసులో ముల్లు వెన్నలా కరిగిపోతుంది.”

“అది పులస కాదాంటీ. ఫోర్ట్‌స్మిత్‌లో వియత్నాం వాళ్ళ కొట్టు నుంచి అంకుల్ తెచ్చిన బఫెలో చేప. కండలోనే ముళ్ళుంటాయి, పంగలకర్రల్లాగా.”

“కరగలేదంటావా?” అంది. వెంటనే కళ్ళు చిట్లించి, “అయినా నేను ఎంతమందికి మింగించలేదే అలాగ? మా ఆయనకి మింగించాను, మా పిల్లలకి మింగించాను. ఎవరికి కాలేయం పాడైంది?” ఆ తర్వాత ఆమె చూపు నా రొమ్ము ఎముక కిందికి, నేను చెయ్యి ఆనించి పట్టుకున్న చోటికి జారింది. అక్కడే ఉండిపోయింది. “నేనే తోశానంటావా పర్సీ దాన్ని లోపలికి?”

“మీ తప్పని అనట్లేదు. డాక్టర్‌తో మీరు చెప్పాలి అంటున్నాను. అప్పుడు చూసింది మీరొక్కరే. నేను చెబితే, పులుసు తిన్నాను, అయిదు నెలల కిందట, అంటే మళ్ళీ తలూపుతారు.”

“సంఘంలో తెలిస్తే?”

“తెలియనీ.”

ఎనిమిదేళ్ళ కిందట ఈ ఊళ్ళో కారు లేకుండా దిగినప్పుడు మమ్మల్ని కొట్టుకీ, బ్యాంకుకీ, లైసెన్సు పరీక్షకీ తిప్పింది ఈ మనిషే, ఎలీనాకు తలస్నానం చేయించింది ఈ చెయ్యే. ఈ చేతి వంటకు ఈ ఊళ్ళో ఎదురు లేదు, ప్రేమ విందుకి ట్రే పెడితే మొదట ఖాళీ అయ్యేది ఈవిడదే, ఆ ట్రే మీద ఇక మచ్చ పడుతుంది. నాకు తెలుసు నేను ఏమడుగుతున్నానో. అయినా అడుగుతున్నాను. బొటనవేలు లోపలికి నొక్కుతోంది, ఇప్పుడు దానికి పేరుంది. వణుకు మెడ దాకా వచ్చింది, కళ్ళు మూస్తే తెల్లటి గీత కనిపిస్తోంది, పొట్ట గోడలోంచి పక్కనున్న కాలేయంలోకి సూదిలా దూరుతూ, వెంట నోట్లోని, పొట్టలోని క్రిముల్ని తీసుకుపోతూ, ఒక్కో శ్వాసకీ ఇంత ఇంత. నువ్వేనా. ఇన్నాళ్ళూ నువ్వేనా. ఇండియా కాదు, భీమవరం కాదు, అంకుల్ తగ్గించమన్న నా గర్వమూ కాదు. ఆర్కెన్సా చేపవి నువ్వు, ఇక్కడే పుట్టావు, నీకు వీసా కూడా అక్కర్లేదు.

మైత్రి వచ్చేసింది. టోపీ ఇంకా తలమీదే ఉంది. “ఓకే ఆంటీ? డిసైడ్ చేశారా?”

నేను నోరు తెరిచేలోపు విమలకుమారి ఆంటీ లేచి నిలబడింది. సంచి కుర్చీలో పెట్టింది. చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు నిలబడినట్టే చేతులు ముందుకు కట్టుకుంది. “డాక్టర్, ఐ టెల్ వన్ థింగ్. ఫిష్ కర్రీ ఐ మేడ్. మే మంత్. హర్ థ్రోట్, బోన్ స్టక్. ఐ మేక్ రైస్ బాల్, పుష్ ఇన్‌సైడ్. విత్ దిస్ హ్యాండ్.” చెయ్యి ఎత్తి చూపించింది. “నాట్ హర్ ఫాల్ట్. మై ఫిష్.”

మైత్రి నా వైపు చూసింది, ఆమె వైపు చూసింది. “బోన్ అంటే… మా ఇంట్లో వెజ్, ఆంటీ. ఎంత ఉంటుంది?”

నేను చిటికెన వేలు చూపించాను, చివరి కణుపు. “ఇంత. గట్టిగా, సన్నంగా. పచ్చి చేప తిన్నారా అని అడిగారు మీరంతా. ముల్లు మింగారా అని ఎవరూ అడగలేదు.”

మైత్రి వెనక్కి తిరిగింది. పరుగెత్తలేదు కానీ దాదాపు పరుగే, చక్రాల కంప్యూటర్ తోసుకొచ్చి నా మంచం పక్కన పెట్టింది, పాస్‌వర్డ్ తప్పు కొట్టింది, మళ్ళీ కొట్టింది. తెర మీద నేను, ముక్కలు ముక్కలుగా, బూడిద రంగులో, రొట్టె కోసినట్టు. మౌస్ చక్రం తిప్పుతుంటే నా గుండె పెద్దదై చిన్నదై మాయమైంది, దాని కిందే నల్లటి చెరువు, అదే చీము. దాని అంచు పక్కన పొట్ట మడత. ఆమె చక్రం ఆపింది. వెనక్కి తిప్పింది. ముందుకు. పడుకున్నచోటు నుంచి నాకూ కనబడింది. పొట్టకూ చెరువుకూ మధ్య గోడలో తెల్లటి గీత. పెన్సిల్‌తో గీసినంత సన్నంగా, నిటారుగా. ఒంట్లో ఏదీ అంత నిటారుగా ఉండదు.

“ఓ మై గాడ్,” అంది మైత్రి, చాలా చిన్నగా.

“ఇది ఇవాళ్టి స్కానేనా?”

ఆమె ఇంకో పేజీ తెరిచింది. సెప్టెంబరుది. చక్రం తిప్పింది. నాకు చూపించకుండా తిప్పేసుకోవచ్చు తెరను. తిప్పుకోలేదు. “అప్పుడు కూడా ఉంది, ఆంటీ. వెసెల్ అనుకున్నారు. లేదా పాత క్యాల్షియం. మాకు అమీబా పాజిటివ్ ఉంది కదా, సో… ఎవరూ చూడలేదు. ఐ యామ్ సారీ.”

ఫోన్లు మొదలయ్యాయి. పెద్ద డాక్టర్ వచ్చాడు, ఈసారి కుర్చీ లాక్కోలేదు, తెర ముందు నిలబడి చాలాసేపు చూశాడు. మొదట గొట్టం, చీము తోడడం, ఆ చీము పరీక్షకు పంపి ఏ క్రిమో తెలుసుకుని దానికి తగ్గ యాంటీబయాటిక్, అది నరంలోకి. చీము తగ్గాక సర్జన్ చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో వెళ్ళి ముల్లు తీస్తాడు. తీయకపోతే మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉండేదన్నాడు. అదే నేనన్నాను, అన్నాను. అన్నావు, అని ఒప్పుకున్నాడు. నా రికార్డులో అమీబా అన్న మాట పక్కన ఇప్పుడే సరిచేసి రాయండి, ఇంకో డాక్టర్ చూసి మళ్ళీ ఇండియా గురించి అడక్కుండా, అన్నాను. మైత్రి నా ముందే టైప్ చేసింది. అప్పుడు ట్యాబ్లెట్ అడిగి తీసుకున్నాను. పూర్తి పేరు పెట్టాను, ఇంటిపేరుతో సహా.

మంచం చక్రాల బ్రేకులు తీస్తుంటే ఆంటీ ఫోన్ పట్టుకుని పక్కకు వచ్చింది. “ఏవండీ, లోపలికి తీసుకెళ్తున్నారు. స్పీకర్‌లో పెట్టాను. ప్రార్థన చేయండి.”

“వందనాలు సిస్టర్,” అన్నారు షాలేం రాజు గారు, గొంతు సవరించుకుని. “కళ్ళు మూసుకుందాం. ప్రభువా…”

“అంకుల్, ముందు ఒక్క మాట.”

“సిస్టర్, ఇది సమయం కాదమ్మా.”

“ఇదే అంకుల్. మే నెలలో మొదలుపెట్టాను, ముల్లు అడ్డం పడింది.”

మంచం కదిలింది. ఆంటీ మంచంతో పాటే నడుస్తోంది, ఒక చేత్తో పక్క కమ్మీ, ఒక చేత్తో ఫోన్ నా నోటి దగ్గర. “కళ్ళు తెరవండి మీరు,” అంది ఫోన్‌తో. “తెరిచి వినండి. చెప్పవే పర్సీ.”

పైన దీపాలు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోతున్నాయి. నాలుక ఎండిపోయి ఉంది, గొంతులో మాత్రం ఏమీ లేదు. “ఆదివారం తెల్లారకముందే ప్రభువు సమాధి దగ్గరికి వెళ్ళింది ఆడవాళ్ళు, అంకుల్. చీకట్లో. అది ఖాళీగా ఉందని పరిగెత్తుకొచ్చి చెప్పింది ఆడవాళ్ళు. ఇంట్లో కూర్చుని, వీళ్ళకి మతి పోయింది అన్నది మగవాళ్ళు. అది సాక్ష్యమంటారో ప్రసంగమంటారో మీ ఇష్టం. మొదటిది మాత్రం మాదే. అప్పుడు చెప్పనివ్వలేదు కాబట్టి, నేను లేచొచ్చిన మొదటి ఆదివారం చెబుతాను. మీరు ముందు వరసలో కూర్చోవాలి.”

తలుపులు రెండు పక్కలకూ తెరుచుకున్నాయి. లోపలినుంచి చల్లటి గాలి. ఫోన్‌లో చప్పుడు లేదు.

“లైన్ కట్టయిందా ఆంటీ?”

ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని విన్నది. “కట్టవలేదే. మీ అంకుల్‌కి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంది.”